ఏబీఏలో కేస్ సిరీస్ పరిశోధన: తరచుగా అడిగే ప్రశ్నలు

అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్ (ఏబీఏ, అంటే ప్రవర్తనకు కారణాలు తెలుసుకుని దాన్ని మార్చే విధానం) చదువుతున్నవాళ్లూ, సెంటర్లు నడుపుతున్న థెరపిస్టులూ కేస్ సిరీస్ గురించి, అంటే ఒకే చికిత్స అందుకున్న పలువురి ఫలితాలు కలిపి రాయడం గురించి, అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. థీసిస్ గడువు దగ్గరపడే రోజుల్లో మరీ ఎక్కువ. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

పదిమంది పిల్లల గ్రాఫులు ఒకే పేపర్లో పెడితే కేస్ సిరీస్ అయిపోతుందా?

అవదు. ఆ పదిమంది ఎలా వచ్చారన్నది ముఖ్యం. ఏబీఏలో ఇప్పుడు కేస్ సిరీస్ అంటే ఎక్కువగా కన్సిక్యూటివ్ కంట్రోల్డ్ కేస్ సిరీస్ అనే అర్థం. బాల్టిమోర్‌లోని కెనెడీ క్రీగర్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన లూయిస్ హేగోపియన్ 2020లో జాబాలో, అంటే జర్నల్ ఆఫ్ అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్‌లో, ఈ పద్ధతిని విడమరిచి రాశారు. అందులో మూడు విషయాలు కీలకం. ఒక నిర్ణీత కాలంలో ఒకే పద్ధతి అందుకున్న కేసులన్నీ వరుసగా తీసుకోవాలి. ఫలితం బాగున్నా బాగోకున్నా ఎవరినీ తీసేయకూడదు. ప్రతి కేసులోనూ మార్పు ఆ పద్ధతి వల్లే వచ్చిందో లేదో తేల్చే సింగిల్ కేస్ డిజైన్ ఉండాలి. మంచి గ్రాఫులు ఏరి పేర్చితే అది ఆల్బమ్ అవుతుంది తప్ప సిరీస్ అవదు.

వైద్యంలో కేస్ సిరీస్‌ను బలహీనమైన ఆధారం అంటారు కదా, ఇక్కడెందుకు ఇంత విలువ?

వైద్యంలో మామూలు కేస్ సిరీస్ అంటే ఇంతమందికి ఈ మందు ఇచ్చాం, ఇంతమందికి తగ్గింది అని చెప్పడమే. మందు వల్ల తగ్గిందా, దానంతటదే తగ్గిందా అన్నది తెలియదు. పోల్చి చూడటానికి ఏమీ ఉండదు కాబట్టే ఆధారాల మెట్లలో దాన్ని అడుగున పెడతారు. ఏబీఏలో ఆ పోలిక ప్రతి కేసు లోపలే ఉంటుంది. చికిత్స పెడితే ప్రవర్తన తగ్గింది, తీస్తే పెరిగింది, మళ్లీ పెడితే మళ్లీ తగ్గింది అని ఒకే పిల్లాడిలో చూపిస్తాం. పేరు ఒకటే అయినా పద్ధతులు వేరు. థీసిస్ కమిటీలో బయటి శాఖవాళ్లు ఉంటే ఈ తేడా మొదటి పేజీలోనే రాసేయండి, సగం ప్రశ్నలు తగ్గుతాయి.

ముగ్గురు నలుగురితో చేసిన స్టడీలు వందల్లో ఉన్నాయి. అవన్నీ కలిపి రివ్యూ రాస్తే సరిపోదా?

ఆ స్టడీలు ఒక పద్ధతి పని చేయగలదని చూపిస్తాయి. ఎంతమందిలో పని చేస్తుందో చెప్పలేవు, ఎందుకంటే అచ్చయ్యేవి ఎక్కువగా పని చేసిన కేసులే. పెళ్లిళ్ల పేరయ్య తాను కుదిర్చిన సంబంధాలే చెబుతాడు, తప్పిపోయినవాటి ఊసెత్తడు. అచ్చయిన స్టడీలు మాత్రమే కలిపి లెక్కవేస్తే మనకు చేరేదీ ఆ పేరయ్య లెక్కే. ఇది ఊరికే అనుమానం కాదు. 2014లో షామ్, స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు పివోటల్ రెస్పాన్స్ ట్రీట్‌మెంట్ అనే ఆటిజం చికిత్స మీద జర్నళ్లలో వచ్చిన స్టడీలనూ, అచ్చుకాని డిసర్టేషన్లనూ పోల్చారు. అచ్చయినవాటిలోనే ఫలితం పెద్దదిగా కనిపించింది. కేస్ సిరీస్‌లో ఓడిన కేసులు కూడా లెక్కలో ఉంటాయి. దాని విలువంతా అక్కడే ఉంది.

మా గైడ్ ఆర్‌సీటీ చేయమంటున్నారు. కేస్ సిరీస్ దానికి బదులవుతుందా?

రెండూ అడిగే ప్రశ్నలు వేరు. రెండు గుంపుల సగటు తేడా కావాలంటే ఆర్‌సీటీ, అంటే లాటరీ తీసినట్టు మనుషులను గుంపులుగా విడదీసి పోల్చే ప్రయోగం. వచ్చిన ప్రతి మనిషిలో ఏం జరిగింది, ఎవరిలో ఆగిపోయింది, ఎందుకు ఆగింది అన్నది కావాలంటే కేస్ సిరీస్. తీవ్రంగా తనను తాను గాయపరచుకునే పిల్లలను చికిత్స ఇవ్వని కంట్రోల్ గుంపులో పెట్టి నెలలు వేచి ఉండటం చాలాచోట్ల కుదరని పని.

## ప్లాన్ వేసేటప్పుడు

ఎవరిని చేర్చాలి, ఎవరిని వదిలేయాలి?

తూకమంతా ఈ నిర్ణయం మీదే ఉంటుంది. నియమం చిన్నదే: చేర్చే షరతుకూ ఫలితానికీ సంబంధం ఉండకూడదు. ‘2021 జనవరి నుంచి 2023 డిసెంబర్ దాకా మా దగ్గర ఫంక్షనల్ కమ్యూనికేషన్ ట్రైనింగ్ మొదలుపెట్టిన ప్రతి బిడ్డ’ అనేది సరైన షరతు. (ఈ ట్రైనింగ్ అంటే గోల చేసే బదులు అడిగి తీసుకోవడం నేర్పడం.) ‘ట్రైనింగ్ విజయవంతంగా పూర్తి చేసిన ప్రతి బిడ్డ’ అనేది పనికిరాదు. రెండు వాక్యాలూ పైకి ఒకేలా ఉంటాయి. రెండో దానిలో ఫలితం షరతులోకే దూరిపోయింది.

తేడా ఎంత పెద్దదో ఊహా లెక్కతో చూద్దాం. ఒక సెంటర్‌లో 24 మందికి పద్ధతి మొదలుపెట్టారు. ఆరుగురు మధ్యలో మానేశారు, నలుగురిలో మార్పు రాలేదు, 14 మందిలో వచ్చింది. బాగుపడినవాళ్లనే రాస్తే 14కి 14, నూటికి నూరు. పూర్తి చేసినవాళ్లను తీసుకుంటే 18కి 14, అంటే 78 శాతం. మొదలుపెట్టిన అందరినీ తీసుకుంటే 24కి 14, అంటే 58 శాతం. పిల్లలు వాళ్లే, థెరపిస్టులు వాళ్లే, గ్రాఫులూ అవే. కింద ఏ అంకె వేశారన్నదే మారింది. తల్లిదండ్రులకు మీరు ఏ శాతం చెబుతారు? నన్నడిగితే మొదట 58 చెప్పాలి, ఆ తర్వాత కావాలంటే 78ని వివరించాలి.

ఫలితం ముట్టుకోని మినహాయింపులు పెట్టుకోవచ్చు. వయసు, ప్రవర్తన రకం, డేటా తీసిన విధానం లాంటివి. కానీ అవి డేటా తెరవకముందే రాసి తేదీ వేసి ఉండాలి. ‘ఈ కేసు కాస్త తేడాగా ఉంది, తీసేద్దాం’ అనే మాట మీటింగ్‌లో వినిపించిందంటే ఆ కేసు తప్పక ఉండాల్సిందే.

మా దగ్గర పాత ఫైళ్లు బీరువా నిండా ఉన్నాయి. వాటితో చేయొచ్చా?

చేయొచ్చు. ఈ తరహా పేపర్లు చాలావరకు ఆసుపత్రి రికార్డులు వెనక్కి తిరగేసి రాసినవే. రెండు చిక్కులు మాత్రం ఉన్నాయి. మొదటిది, ఫైళ్లు ఎవరి జ్ఞాపకం నుంచీ రాకూడదు. అడ్మిషన్ రిజిస్టర్ నుంచో, బిల్లింగ్ జాబితా నుంచో పేర్లు తీయాలి. గుర్తున్న కేసులు అడిగితే థెరపిస్టులకు బాగా జరిగినవే గుర్తొస్తాయి. రెండోది, పాత కేసుల్లో డిజైన్ సరిగా లేకపోవచ్చు. బేస్‌లైన్ (చికిత్సకు ముందటి కొలత), చికిత్స, అంతే, రివర్సల్ (చికిత్స తీసి చూడటం) లేదు. అలాంటివి జాబితాలో ఉంచి, ‘కంట్రోల్ చూపలేదు’ అని, అంటే మార్పు చికిత్స వల్లేనని తేలలేదని, విడిగా లెక్కపెట్టండి. అలాంటివి సగానికి మించితే ఈ పాత డేటా వదిలేసి, ఇప్పటినుంచి ముందుకు వెళ్లే పద్ధతిలో మొదలుపెట్టడం మంచిది.

కనీసం ఎంతమంది ఉండాలి?

ఇంతమంది అని గీత లేదు. జాబాలో 21 కేసుల సిరీస్ ఉంది, 25 అప్లికేషన్లది (పద్ధతిని ఒకసారి అమలు చేస్తే ఒక అప్లికేషన్) ఉంది, 176 మందిది కూడా ఉంది. సంఖ్య తగ్గేకొద్దీ శాతం చుట్టూ అనిశ్చితి పెరుగుతుంది. 20 మందిలో 18 మందికి పని చేస్తే 90 శాతం అంటాం కానీ, 95 శాతం విశ్వాస వ్యవధి, అంటే అసలు శాతం ఉండగల హద్దులు, దాదాపు 70 నుంచి 97 దాకా సాగుతుంది. ఆ వెడల్పు కూడా రాస్తే చిన్న సిరీస్ అయినా మర్యాదగా నిలబడుతుంది.

రివర్సల్ పెడితే పిల్లాడు మళ్లీ తల బాదుకుంటాడు. తల్లిదండ్రులకు ఏమని చెప్పాలి?

రివర్సల్ ఒక్కటే దారి కాదు. మల్టిపుల్ బేస్‌లైన్‌లో చికిత్స తీసేయాల్సిన అవసరమే రాదు. ఇద్దరు ముగ్గురు పిల్లల్లోనో, రెండు మూడు సందర్భాల్లోనో వేర్వేరు సమయాల్లో చికిత్స మొదలుపెట్టి, మొదలుపెట్టిన చోటే మార్పు వచ్చిందని చూపిస్తే చాలు. రివర్సల్ తప్పకపోతే సెషన్లు చిన్నవిగా ఉంచండి. ఎన్ని గాయాలైతే ఆపేస్తారో ముందే రాసుకోండి. ఆపే అధికారం గదిలో ఉన్నవాళ్లకే ఇవ్వండి. ఇంట్లోవాళ్లకు రివర్సల్ ఎందుకో సూటిగా చెప్పాలి: ‘తగ్గడానికి కారణం ఇదేనని తేలితే, రేపు స్కూల్లో కూడా ఇదే పెట్టమని ధైర్యంగా అడగొచ్చు.’ అయినా ఒప్పుకోకపోతే అక్కడితో వదిలేయండి. ఆ కేసును ‘రివర్సల్ చేయలేదు’ అని రాస్తే ఏ నష్టమూ లేదు.

ఒక్కో బిడ్డకు ఒక్కోలా మార్చి చేస్తాం. అందరిదీ ఒకే పద్ధతి అని ఎలా అంటాం?

మార్చకూడని భాగమేదో, మార్చదగిన భాగమేదో ముందే విడదీయండి. ఫంక్షనల్ కమ్యూనికేషన్ ట్రైనింగ్‌లో గోల చేసి సాధించుకునే దాన్నే అడిగి పొందేలా నేర్పడం మార్చకూడనిది. మాటతో అడగాలా, కార్డు ఇవ్వాలా, సైగ చేయాలా అన్నది బిడ్డను బట్టి మారుతుంది.

మార్పులను దాచక లెక్కపెడితే అవే గొప్ప సమాచారమవుతాయి. 2013లో హేగోపియన్ బృందం ఆసుపత్రిలో చేరిన 176 మంది ఫంక్షనల్ అనాలిసిస్ (ప్రవర్తన దేనివల్ల కొనసాగుతోందో తేల్చే పరీక్ష) ఫలితాలు రాసింది. మొదటి ప్రయత్నంలో స్పష్టత వచ్చింది సుమారు 47 శాతం మందిలోనే. పరిస్థితులు మార్చి మళ్లీ చేశాక ఆ సంఖ్య మొత్తం మీద దాదాపు 87 శాతానికి చేరింది. మొదటిసారి తేలకపోతే పరీక్ష విఫలమైందని అనుకునేవాళ్లు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. మార్పులు రాయకుండా చివరి ఫలితమే ఇచ్చి ఉంటే ఈ సంగతి బయటపడేదే కాదు.

పాత రికార్డులే కదా, ఎథిక్స్ కమిటీ దాకా వెళ్లాలా?

వెళ్లాలి. భారత్‌లో చేస్తుంటే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నైతిక మార్గదర్శకాలు వర్తిస్తాయి. పేర్లు తీసేసిన పాత రికార్డులకు సమ్మతి నుంచి మినహాయింపు దొరకొచ్చు గానీ, ఆ మినహాయింపు ఇచ్చేది కమిటీ. మనకు మనం ఇచ్చుకోలేం. కొత్తగా చేర్చుకునే పిల్లలకైతే తల్లిదండ్రుల సమ్మతితోపాటు బిడ్డ అంగీకారం కూడా కావాలి. ఆ మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 12 ఏళ్లవాళ్లకు నోటిమాటగా, 12 నుంచి 18 ఏళ్లవాళ్లకు రాతపూర్వకంగా. మాటలు రాని పిల్లల విషయంలో అంగీకారం ఒక సంతకంతో ముగిసిపోదు. గది వదిలి వెళ్లిపోవడం, చేయి తోసేయడం లాంటివి ‘వద్దు’ కింద లెక్కించాలని ప్రొటోకాల్‌లోనే రాయండి. సెంటర్‌కు సొంత కమిటీ లేకపోతే దగ్గర్లోని యూనివర్సిటీతోనో మెడికల్ కాలేజీతోనో కలిసి చేయడం తేలిక.

## డేటా వస్తున్నప్పుడు

మధ్యలో మానేసినవాళ్లను ఏం చేయాలి?

లెక్కలో ఉంచాలి. ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు, అప్పటికి గ్రాఫ్ ఎక్కడుంది అన్న మూడూ రాయాలి. ఊరు మారడం వల్ల మానేయడం వేరు, బిడ్డ రోజూ ఏడుస్తున్నాడని మానేయడం వేరు. రెండోది చికిత్స గురించి చెప్పే డేటాయే. వచ్చినవాళ్లెందరు, మొదలుపెట్టినవాళ్లెందరు, పూర్తి చేసినవాళ్లెందరు అని గడులు గీసి బాణాలు పెట్టిన బొమ్మ ఒకటి ఇస్తే చదివేవాళ్లకు ఒక్క చూపులో తెలుస్తుంది.

ఇద్దరు పరిశీలకులు ప్రతి సెషన్‌లో కూర్చోవాలా?

అక్కర్లేదు. సింగిల్ కేస్ డిజైన్లకు విద్యా పరిశోధనల నాణ్యతను బేరీజు వేసే అమెరికా సంస్థ వాట్ వర్క్స్ క్లియరింగ్‌హౌస్ పెట్టిన ప్రమాణం ప్రకారం ప్రతి దశలోనూ రెండో పరిశీలకుడు ఉండాలి, బేస్‌లైన్, చికిత్స లాంటి ఒక్కో పరిస్థితిలో అది కనీసం 20 శాతం సెషన్లకు తగ్గకూడదు, ఇద్దరి అంగీకారం కనీసం 80 శాతం రావాలి. మొత్తం మీద 20 శాతం ఉంటే చాలదు, ప్రతి దశలోనూ ఉండాలి. చాలామంది బేస్‌లైన్‌లో ఇద్దరిని పెట్టి, చికిత్స మొదలయ్యాక మర్చిపోతారు. పాత ఫైళ్లలో లేని పరిశీలకుణ్ని ఇప్పుడు సృష్టించలేం. వీడియోలు ఉంటే వాటి మీద చేయించండి, లేకపోతే లేదని రాయండి.

పద్ధతి పని చేయలేదు, ఇంకొకటి కలిపాం. ఆ కేసు గెలిచినట్టా, ఓడినట్టా?

మొదటి పద్ధతి ఓడింది, కలిపినది గెలిచింది. రెండూ వేర్వేరు అప్లికేషన్లుగా రాయాలి. 1998లో వచ్చిన 21 మంది ఇన్‌పేషెంట్ల సిరీస్ ఇలాగే రాసింది. ఫంక్షనల్ కమ్యూనికేషన్ ట్రైనింగ్‌కు ఎక్స్‌టింక్షన్ తోడైనప్పుడు, అంటే గోలకు ఇదివరకు దక్కేది దక్కకుండా ఆపినప్పుడు, దాదాపు సగం అప్లికేషన్లలో సమస్య ప్రవర్తన 90 శాతమో అంతకన్నా ఎక్కువో తగ్గింది. తర్వాత అడగ్గానే ఇవ్వకుండా కాస్త ఆలస్యం చేయడం, పని క్రమంగా పెంచడం మొదలుపెట్టేసరికి సుమారు సగం సందర్భాల్లో ఆ ఫలితం చెదిరింది. ఇళ్లలో, క్లాసుల్లో అడిగిన ప్రతిసారీ వెంటనే ఇవ్వడం ఎవరివల్లా కాదు కాబట్టి, తర్వాతి పరిశోధన చాలావరకు ప్రతిఫలాన్ని ఇలా క్రమంగా పలచన చేసే దశ మీదికే మళ్లింది. దశలన్నీ కలిపి ఒకే ‘విజయం’గా రాసి ఉంటే ఆ బలహీనత కనపడేది కాదు.

అప్లికేషన్ల సంఖ్య, మనుషుల సంఖ్య వేర్వేరు. రెండూ విడివిడిగా రాయండి.

## లెక్కలు వేసేటప్పుడు

ఎంత తగ్గితే పని చేసిందని అనొచ్చు?

బేస్‌లైన్ సగటుతో చికిత్సలోని చివరి సెషన్ల సగటును పోల్చి 80 శాతం లేదా 90 శాతం తగ్గుదలను గీతగా పెట్టుకోవడం ఈ రంగంలో వాడుక. గీత ఏదైనా డేటా చూడకముందే పెట్టుకోవాలి. శాతం ఒక్కటే నమ్ముకోకండి. నిమిషానికి 20 సార్లు తల బాదుకునే బిడ్డలో 90 శాతం తగ్గినా ఇంకా నిమిషానికి రెండుసార్లు మిగిలే ఉంది. గంటకు 120 దెబ్బలు అన్నమాట. శాతం పక్కనే మిగిలిన అసలు సంఖ్య కూడా వేయండి.

అందరి డేటా కలిపి ఒక సగటు గ్రాఫ్ గీస్తే బాగుంటుంది కదా?

చూడటానికి బాగుంటుంది, అంతే. ఇద్దరిలో పూర్తిగా తగ్గి ఇద్దరిలో ఏమీ తగ్గకపోతే సగటు ‘అందరిలో సగం తగ్గింది’ అంటుంది. అలాంటి బిడ్డ ఒక్కరూ లేరు. ప్రతి కేసుకూ ఒక చుక్క పెట్టి ఫలితాలు ఎంత విస్తరించి ఉన్నాయో చూపించండి. గణాంక మోడళ్లు వాడాలనుకుంటే ఆ తర్వాత వాడుకోవచ్చు.

ఎవరికి పని చేస్తుందో ముందే చెప్పడానికి ఇది ఉపయోగపడుతుందా?

నా దృష్టిలో కేస్ సిరీస్‌కు ఇంతకన్నా మంచి ఉపయోగం లేదు. ఓడిన కేసులు చేతిలో ఉంటేనే గెలిచినవాటికీ వాటికీ తేడా ఏమిటో వెతకగలం.

తనను తాను గాయపరచుకునే ప్రవర్తన మీద 1994లో ఇవాటా బృందం ఇచ్చిన 152 కేసుల లెక్కతో మొదలుపెడదాం. వాటిలో 58 పని తప్పించుకోవడానికి, 40 ఎదుటివాళ్ల దృష్టి కోసమో తిండీ వస్తువుల కోసమో, 39 ఆటోమేటిక్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ వల్ల, అంటే ఎదుటివాళ్లతో సంబంధం లేకుండా ఆ చేష్టే ఇచ్చే అనుభవం వల్ల కొనసాగుతున్నాయి. ఎనిమిదింటికి ఒకటికి మించిన కారణాలు ఉన్నాయి. ఏడు తేలలేదు. ఆ ఏడింటినీ రాశారు కాబట్టే మిగతా అంకెల మీద నమ్మకం కుదురుతుంది.

ఆటోమేటిక్ రకాన్ని 2015లో హేగోపియన్, రూకర్, జార్కోన్ ఇంకా విడదీశారు. కొందరిలో ఆ ప్రవర్తన ఒంటరిగా ఉన్నప్పుడు ఎక్కువ, ఆటవస్తువులు ఇస్తే తక్కువ. కొందరిలో అన్నిచోట్లా ఒకేలా ఎక్కువ. మరికొందరు తమ చేతులు తామే బంధించుకుంటారు, బట్టల్లో దాచుకుంటారు. మొదటి గుంపులో రీఇన్‌ఫోర్స్‌మెంట్ (ప్రతిఫలం) ఆధారిత చికిత్స బాగా పని చేసింది, మిగతా రెండింటిలో మొండికేసింది. దీని ఆధారం అప్పటికే చేతిలో ఉండే ఫంక్షనల్ అనాలిసిస్ గ్రాఫే. అప్పటికే అచ్చయి ఉన్న పాత డేటా మీద ఈ విభజనను 2017లో మళ్లీ పరీక్షించి చూశారు.

మీరూ ఇలాంటిది వెతకాలంటే ఒకటి రెండు అంశాలు ముందే అనుకోండి. 20 మంది మీద 15 అంశాలు ప్రయత్నిస్తే ఏదో ఒకటి కాకతాళీయంగా కుదిరి తీరుతుంది.

మాకు 20కి 20 మందిలో పని చేసింది. నూటికి నూరు అని రాయొచ్చా?

మీ 20 మందిలో నూటికి నూరు అని రాయండి. వైఫల్యం సున్నా వచ్చినప్పుడు మూడును మనుషుల సంఖ్యతో భాగిస్తే అసలు వైఫల్యం ఎంతదాకా ఉండొచ్చో ఒక అంచనా వస్తుంది. 3 బై 20, అంటే 15 శాతం దాకా. ఇంత చక్కటి ఫలితం వస్తే మరో పని కూడా చేయండి: రిజిస్టర్ మళ్లీ తెరిచి ఎవరైనా జారిపోయారేమో చూడండి.

## రాసేటప్పుడు

ప్రతి కేసు గ్రాఫూ పెట్టాలా? జర్నల్‌లో చోటుండదు కదా.

పేపర్లో రెండు మూడు నమూనా గ్రాఫులు, మిగతావన్నీ అనుబంధ ఫైల్‌లో. నమూనాల్లో ఒకటి ఓడిన కేసుదై ఉండాలి. చదివేవాళ్లు గ్రాఫ్ తామే చూసి తేల్చుకునే అలవాటున్న రంగం మనది. అందరికీ కలిపి ఒక పట్టిక కూడా ఇవ్వండి: వయసు, ప్రవర్తన, దాని ఫంక్షన్ (అది దేనివల్ల కొనసాగుతోంది), డిజైన్, తగ్గుదల. ఊరు, స్కూలు, అరుదైన జబ్బు పేరు మూడూ కలిస్తే పేరు లేకపోయినా బిడ్డ ఎవరో తెలిసిపోతుంది, అలాంటి కలయికలు పట్టికలోకి రానీయకండి.

వరుసగా అందరినీ తీసుకున్నాం కాబట్టి ఫలితం అందరికీ వర్తిస్తుందని రాయొచ్చా?

రాయకూడదు. వరుసగా తీసుకోవడం మీ తలుపు లోపలికి వచ్చాక జరిగే ఎంపికను ఆపుతుంది. ఆ తలుపు దాకా ఎవరు వచ్చారన్నది మీ చేతిలో లేదు. తీవ్రమైన కేసులు మాత్రమే చేరే బాల్టిమోర్ ఇన్‌పేషెంట్ యూనిట్ అంకెలు వారానికి మూడు గంటల సెషన్లు నడిపే హైదరాబాద్ సెంటర్‌కు యథాతథంగా అతకవు. ఫీజు కట్టగలిగినవాళ్లే వచ్చే మన సెంటర్ అంకెలు ప్రభుత్వ బడికీ అతకవు. ఎవరు పంపితే వస్తారు, ఎంత దూరం నుంచి వస్తారు, ఖర్చు ఎవరు పెట్టుకుంటారు అన్నది ఒక పేరా రాయండి.

పాత సిరీస్‌ల్లో శిక్ష వాడిన కేసులున్నాయి. వాటిని ఉదహరించాలా, వదిలేయాలా?

ఉదహరించండి, ఉన్నదున్నట్టు. 1998 నాటి 21 మంది సిరీస్‌లో శిక్ష కలిపిన ప్రతి కేసులోనూ 90 శాతమో అంతకన్నా ఎక్కువో తగ్గుదల వచ్చింది. అది నచ్చలేదని దాచడం కూడా ఒకరకం ఏరివేతే. కానీ ఆ అంకె చెప్పేది ప్రవర్తన తగ్గిందా అన్నది మాత్రమే. ఆ బిడ్డకు ఎలా అనిపించింది, తర్వాత ఏమైంది అన్నది అందులో లేదు. ఏబీఏను తప్పుపట్టే ఆటిస్టిక్ పెద్దలు అడుగుతున్నదీ అదే, వాళ్లు అడగడం సబబే. బిహేవియర్ అనలిస్టులకు సర్టిఫికెట్ ఇచ్చే అమెరికా బోర్డు బీఏసీబీ 2022 జనవరి నుంచి అమలు చేస్తున్న నైతిక నియమావళి కూడా తక్కువ ఇబ్బందికర మార్గాలు పని చేయలేదని చూపాకే శిక్ష వైపు వెళ్లమంటుంది. ప్రవర్తన వల్ల జరిగే హాని శిక్ష హానికన్నా ఎక్కువని బృందం తేల్చిన సందర్భానికే మినహాయింపు ఉంది. మీ కొత్త సిరీస్‌లో దుష్ఫలితాలకు ఒక కాలమ్ ఉంచండి: గాయాలు, ఏడుపు, సెషన్ నుంచి వెళ్లిపోవడం.

ఫలితాలు అంతంతమాత్రం. ఏ జర్నల్ తీసుకుంటుంది?

జాబా ఇలాంటి సిరీస్‌లు వేస్తూ వస్తోంది, కాబట్టి అక్కడినుంచే మొదలుపెట్టండి. ప్రొటోకాల్‌ను డేటా తీయకముందే పరిశోధన ప్రణాళికలు నమోదు చేసుకునే ఓఎస్ఎఫ్ వెబ్‌సైట్ లాంటి చోట తేదీతో నమోదు చేసి ఉంటే రివ్యూయర్లతో వాదన సగం తగ్గుతుంది. రాసేటప్పుడు సింగిల్ కేస్ పరిశోధనకు 2016లో వచ్చిన స్క్రైబ్ మార్గదర్శకాలు పక్కన పెట్టుకోండి. కవర్ లెటర్‌లో మొదటి వాక్యంగా ఎంతమంది వచ్చారు, ఎంతమందిని లెక్కించారు అన్న రెండు అంకెలు రాయండి. అవి రెండూ ఒకటే అయితే ఇంకా మంచిది.